కరంగ్‌సెమి స్టేషన్‌కి తాళం వేసినవాడు

సెమరాంగ్ నగరంలో రైల్వే క్వార్టర్ల వైపు వెళ్ళి కస్మురి ఇల్లెక్కడని అడిగితే, "ఏ కస్మురి? తాళం కస్మురేనా?" అని ఎదురు అడిగేవాళ్ళు. ఆ పేరు అతని ముందే అనేవాళ్ళు. అతనూ కోప్పడేవాడు కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అతన్ని ఏ స్టేషన్‌లో వేస్తే ఆ స్టేషన్ మూతపడింది. మొదట్లో అది అలా జరిగిపోయింది. పోనుపోను అదే అతని పనైపోయింది.

మొదటిది జుర్నతాన్. ఊరి నడిబొడ్డున ఉండే పెద్ద స్టేషన్. కస్మురి తండ్రి అక్కడ సామాన్లు మోసేవాడు. కస్మురి దీపాలు తుడిచే పనిలో చేరాడు. తూర్పున సముద్రం వారగా వెళ్ళే చిన్న బండ్లన్నీ అక్కణ్ణుంచే బయల్దేరేవి. ఊరు పెరిగింది, బస్సులు పెరిగాయి, రోడ్డు మీద రైలు అడ్డమన్నారు. చివరికి బండ్లు ఆపేశారు. రైళ్ళు నిలిచిన కప్పు కిందికే బస్సులొచ్చి నిలబడ్డాయి. గోడగడియారం దించడానికి పాతవాళ్ళెవరికీ చేతులు రాకపోతే, నిచ్చెనేసుకుని దించింది కస్మురే. అద్దం పగలకుండా, ముల్లు వంగకుండా దించి, దుప్పటి చుట్టి అప్పజెప్పాడు. పై ఆఫీసులో హర్దోయో అనే అధికారి అది చూసి, "ఈ కుర్రాడి పని శుభ్రంగా ఉంది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో కస్మురి బతుకు ఒక దారిన పడింది. మూసెయ్యబోయే స్టేషన్‌కి అతన్ని ముందుగా పంపేవాళ్ళు. కొన్నాళ్ళు టిక్కెట్లు అమ్మేవాడు, జెండా ఊపేవాడు. ఆఖరి రోజున గంట దించి, పేరుపలక మరలు విప్పి, దీపాలూ కుర్చీలూ ఆఖరి బండిలో ఎక్కించి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి తెచ్చి పై ఆఫీసులో ఇచ్చేవాడు. ఒక ఊళ్ళో సాగనంపడానికి ఓ ముసలాయన తప్ప ఎవరూ రాలేదు. ఇంకో ఊళ్ళో బండి మలుపు తిరగకముందే జనం వచ్చి కిటికీ చెక్కలు ఊడబీక్కున్నారు. కస్మురి బండిలోంచి చూస్తూనే ఉన్నాడు. అతనికేమీ అనిపించలేదు. పెళ్ళయ్యాక పందిరి విప్పే మనిషి ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకున్నాడు.

వీధిలో పెళ్ళిళ్ళప్పుడు ఆడవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. "అమ్మా రుస్మినా, మీ ఆయన్ని మా గుమ్మం తొక్కనివ్వకు. మా దుకాణం మూతపడగలదు."

అతని భార్య రుస్మినా తడుముకునే మనిషి కాదు. "మా ఆయన వస్తే ముందు మూతపడేది నీ నోరే. ఊరంతా సంతోషిస్తుంది" అనేది.

నవ్వులాటగా సాగుతున్న ఈ పేరు గెనెంగన్ అనే ఊళ్ళో మొదటిసారి గుచ్చుకుంది. బండి ఆగిపోతుందన్న సంగతి అక్కడివాళ్ళకి ముందే తెలిసిపోయింది. ఆఖరి బండి వచ్చేసరికి చేపలమ్మే ఆడవాళ్ళు గంపలతో సహా పట్టాల మీద బైఠాయించారు. పోలీసులొచ్చి ఒక్కొక్కరినీ లేవదీసేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ తోపులాటలో ఒకావిడ చేపలు కడిగిన నీళ్ళ బాల్చీ తెచ్చి కస్మురి యూనిఫారం మీద కుమ్మరించింది.

మర్నాడు హర్దోయో నిలబెట్టి దులిపేశాడు. "నిన్ను పంపింది తాళం వెయ్యడానికయ్యా, తిరణాల జరిపించడానికి కాదు."

"వాళ్ళకి ముందే తెలిసిపోయిందండి."

"నువ్వు నోరు జారకపోతే ఎలా తెలుస్తుంది? తర్వాతది కరంగ్‌సెమి. అక్కడ చీమ చిటుక్కుమనకూడదు. అది సవ్యంగా చేసుకొచ్చావంటే నిన్ను తవాంగ్‌లో వేయిస్తాను. ఇంటి పక్కనే ఉద్యోగం. ఇంక ఊళ్ళు పట్టుకు తిరగక్కర్లేదు."

కస్మురికి అప్పటికి ఇద్దరు పిల్లలు. చిన్నదానికి ఉబ్బసం. వారానికోసారి ఇంటికొస్తే ఆ పిల్ల కొత్తవాణ్ణి చూసినట్టు చూసి తల్లి వెనక్కి నక్కేది. తవాంగ్ అంటే ఊళ్ళో మిగిలిన పెద్ద స్టేషన్. ఎప్పటికీ మూతపడనిది. ఆ పేరు వినగానే అతని మనసు అక్కడ అతుక్కుపోయింది.

కరంగ్‌సెమి సముద్రానికీ చేపల చెరువులకీ నడుమ ఉన్న చిన్న ఊరు. చుట్టుపక్కల ఎత్తుగా ఉన్నది రైలుకట్ట ఒక్కటే. వానాకాలంలో మట్టిరోడ్డు నీళ్ళ కింద ఉండేది. చెరువుగట్ల మీదుగా తెల్లవారకముందే ఆడవాళ్ళు చేపల గంపలతో వచ్చి స్టేషన్‌లో వరసగా కూర్చునేవాళ్ళు. నగరంలో బజారు తెరిచేసరికి బండి వాళ్ళని దింపేది. పెద్దరోడ్డు మీద తిరిగే కోల్ట్ వ్యానులవాళ్ళు చేపల గంప కనిపిస్తే ఆపేవాళ్ళు కాదు.

ఆ ఆడవాళ్ళకి పెద్దదిక్కు దర్సియెం. మొగుడు సముద్రంలో పోయాక ఒంటిచేత్తో వ్యాపారం నిలబెట్టుకున్న మనిషి. కస్మురి కన్నా ఓ పదేళ్ళు పెద్దది. అతను చేరిన వారంలోనే టిక్కెట్టు కిటికీ దగ్గర గంప దించి నిలబడింది.

"నువ్వేనా ఆ తాళం కస్మురివి?"

"ఎవరు చెప్పారక్కా?"

"గెనెంగన్‌లో మా పిన్నమ్మ కూతురుందిలే. నీ మీద చేపనీళ్ళు పోసింది అదే. బాగా పడ్డాయా?"

"నాలుగు ఉతుకులు ఉతికినా వాసన పోలేదు."

దర్సియెం పకపకా నవ్వింది. నవ్వుతూనే అతని మొహంలోకి చూసింది. "మరి మా ఊరికీ తాళం తెచ్చావా?"

"నన్ను వేసిన చోటల్లా మూస్తూపోతే రైల్వేకి ఇంక స్టేషన్లేం మిగుల్తాయక్కా? ఇక్కడ మనిషి లేడని పంపారు, అంతే."

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. దర్సియెం తలూపి, "ఒక్కడివే ఉంటావు, ఏం వండుకుంటావు? మధ్యాహ్నం మా ఇంటికి రా" అని బండెక్కింది.

ఆ రోజు మొదలు అతను ఆవిడింట్లోనే తిన్నాడు. వేడన్నం, పొగబెట్టిన చేప, కళ్ళల్లో నీళ్ళు తెప్పించే పచ్చిమిరప నూరుడు. ఒకసారి జ్వరంతో కదల్లేక పడుంటే ఆవిడే స్టేషన్ గదికి వచ్చి, వీపుకి నూనె రాసి, ఆ ఊళ్ళ నాటువైద్యం పద్ధతిలో నాణెం అంచుతో ఎర్రగా చారలు తేలేదాకా గీకి, అల్లంకషాయం తాగించింది. "గాలి పట్టేసింది నీకు. పెళ్ళాన్ని తలుచుకుని పడుకో, తెల్లారేసరికి పోతుంది" అంది. ఊళ్ళో అందరికీ "మా తమ్ముడు" అని చెప్పుకునేది. తను చెయ్యబోయేదేంటో తెలిసి, తెలియనివాడిలా అతను ఆ అన్నం తింటూ వచ్చాడు. కొన్నాళ్ళకి ఆ ఇంటికి వెళ్ళడానికి మనసొప్పేది కాదు. అయినా మానేస్తే అనుమానం వస్తుందని వెళ్ళేవాడు.

వానలు మొదలయ్యాక కబురొచ్చింది. వారం చివర మూసెయ్యాలి.

జనానికి ఏం చెప్పాలో హర్దోయో చెప్పలేదు. గొడవ కాకూడదన్నాడు, అంతే. ఒక కట్టుకథ కస్మురి సొంతంగా అల్లుకున్నాడు. ఊరి అవతల ఒక పాత వంతెన ఉంది. దాని మీద బండి వెళ్ళేటప్పుడు ఇనుము కిర్రుమంటుందని అందరికీ తెలుసు. కిటికీ ముందు గుమిగూడిన జనంతో, "వంతెన బాగుచేస్తారట. అందాకా బండి ఆపుతున్నారు. వానలు తగ్గగానే మళ్ళీ వచ్చేస్తుంది" అన్నాడు.

తుమిరన్ అనే కుర్ర జాలరి ముందుకొచ్చాడు. మాటకి ముందే మొహం ఎర్రబడే రకం. "ఇతని పేరేంటో మర్చిపోయారా? గెనెంగన్‌వాళ్ళలాగ మనమూ పట్టాల మీద కూర్చుందాం. కలెక్టరాఫీసుకి వెళ్దాం. ఒకసారి పోయిన బండి మళ్ళీ వచ్చినట్టు ఎక్కడైనా విన్నామా?"

"కూర్చోరా కూర్చో. పంచె మాసిపోవడం తప్ప ఏం రాదు" అంది దర్సియెం. "వంతెన విరిగి బండి కింద పడితే చచ్చేది మనమే కదా? ఈ అబ్బాయి నా చేతికూడు తిన్నవాడు. నాతో అబద్ధమాడడు. అతని మాటకి నేను పూచీ. చాలా?"

జనం సద్దుకున్నారు. తుమిరన్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. కస్మురి మాత్రం కిటికీ చెక్క మీది గీతల్ని చూస్తూ ఉండిపోయాడు.

అంతటితో అయితే ఏదోలా మరిచిపోయేవాడేమో. ఆ సాయంత్రం దర్సియెం ఒక్కర్తే వచ్చింది. గంప లేదు, వేళాకోళం లేదు. బల్ల చివర కూర్చుంది.

"నిన్నొకటి అడగాలి. నగరంలో మా అన్నయ్యకి బజార్లో రెండు కొట్లున్నాయి. ఒకటి నన్ను నడుపుకోమంటున్నాడు. పైన గది కూడా ఉంది. ఈ వారంలో చెప్పకపోతే వాళ్ళ బావమరిదికి ఇచ్చేస్తాడట. బండి వచ్చేమాటైతే నాకా కొట్టు అక్కర్లేదు. ఇక్కడ నా ఇల్లుంది, మనుషులున్నారు. రాదంటే వెళ్ళిపోతాను. ఊరి సంగతి వదిలెయ్. నాకు చెప్పు. ఉండమంటావా, వెళ్ళమంటావా?"

నిజం చెప్పడానికి అతనికి దొరికిన అవకాశం అదే. చుట్టూ ఎవరూ లేరు. వెళ్ళక్కా అన్న ఒక్క మాట చాలు. అయితే దర్సియెం మూటాముల్లే సర్దుకుంటే మర్నాటికి ఊరంతా పట్టాల మీద ఉంటుంది. తవాంగ్ చేతికందే దూరంలో ఉంది. చిన్నపిల్ల తల్లి వెనక దాక్కుని చూసే చూపు గుర్తొచ్చింది.

"ఉండక్కా. వానలు తగ్గగానే బండి వస్తుంది" అన్నాడు.

"ఆ మాట చాలు" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఆఖరి రోజు ఎవరూ గొడవ చెయ్యలేదు. పిల్లలు చేతులూపారు. అతను గంట దించుతుంటే దర్సియెం దగ్గరకొచ్చి నిలబడింది.

"వంతెన అయ్యేదాకానే కదా, గంటెందుకు పట్టుకెళ్తున్నావు?"

"దొంగలెత్తుకుపోతారని."

"ఈ ఊళ్ళో దొంగలెవరున్నారు?"

అతను గంట బండిలో పెట్టి వచ్చి పలక మరలు విప్పాడు. పేరుపలక ఎందుకు విప్పుతున్నావని ఆవిడ అడగలేదు. అరిటాకులో కట్టిన చేపల పొట్లం అతని చేతిలో పెట్టింది. బండి కదిలింది. దారిలో వంతెన మీద ఇనుము కిర్రుమంది. పొట్లం ఒళ్ళో వెచ్చగా ఉంది. నగరం చేరాక దాన్ని విప్పకుండానే స్టేషన్‌లో పట్టాలు మార్చే మనిషికి ఇచ్చేశాడు.

హర్దోయో మాట నిలబెట్టుకున్నాడు. కస్మురి తవాంగ్‌లో పార్సిల్ గదిలో కుదురుకున్నాడు. రోజూ ఇంటికొచ్చి భోంచేశాడు. చిన్నది అతని భుజమెక్కడం నేర్చుకుంది. కావలసిందంతా దొరికింది. అయినా ప్లాట్‌ఫారం మీద చేపల గంప కనిపిస్తే మోసేది దర్సియెమేమో అని చూసేవాడు. వానలు తగ్గాయంటే చాలు, అతనికి లోపల ఏదో గడువు దాటిపోయినట్టు ఉండేది. చేపలమ్మే ఆడవాళ్ళు ఎవరైనా కరంగ్‌సెమి మాటెత్తితే పక్కకి తప్పుకునేవాడు. ఆ తప్పుకోవడంలోనే కొన్ని ముక్కలు చెవిన పడేవి. చేపలు కుళ్ళిపోతున్నాయట, దళారులు చెప్పిందే ధరట, సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయట.

నాలుగైదేళ్ళు గడిచాక దర్సియెం తవాంగ్‌కి వచ్చింది. కస్మురి పార్సిల్ గది తలుపు సందులోంచి చూశాడు. ఒకప్పటి కన్నా చిక్కిపోయింది. కిటికీ దగ్గర నిలబడి అతని పేరు చెప్పి అడుగుతోంది. కస్మురి తోటి ఉద్యోగి పొనిజోకి చేత్తో సైగ చేశాడు. లేనని చెప్పు.

"అతనికి బదిలీ అయిందమ్మా. ఎక్కడికో తెలియదు" అన్నాడు పొనిజో.

"నిన్ననే ఇక్కడ చూశామని మావాళ్ళు చెప్పారే."

"వేరే ఎవరినో చూసుంటారు. ఏమైనా చెప్పమంటే చెప్పు, కబురంపుతాను."

"కబురుతో అయ్యేది కాదు బాబూ. మనిషే రావాలి."

ఆవిడ వెళ్ళిపోలేదు. ఎదురుగా బెంచీ మీద మధ్యాహ్నందాకా కూర్చుంది. కస్మురి అన్ని గంటలూ బస్తాల మధ్య నిలబడ్డాడు. నీళ్ళు తాగడానికి కూడా బయటికి రాలేదు. ఆవిడ లేచి చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాక పొనిజో వచ్చి, "ఏంటిది? ఎవరావిడ? ఏం చేశావు?" అన్నాడు. కస్మురి, "మా అక్క" అన్నాడు.

ఆ రాత్రి రుస్మినాకి అంతా చెప్పేశాడు. ఆవిడ గిన్నెలు కడుగుతూ విని, "రేపే వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకో" అంది. రేపు వెళ్తానన్నాడు. లెబరాన్ పండగకి వెళ్తానన్నాడు. ప్రతి పండక్కీ అందరూ ఒకరినొకరు క్షమాపణ అడుక్కునే ఆ పొద్దున, వీధి వీధీ తిరిగి అందరి చేతులూ కళ్ళకద్దుకుని వచ్చేవాడు. ఆ ఒక్క ఊరికి మాత్రం వెళ్ళలేదు. ఆలస్యం అయ్యేకొద్దీ వెళ్ళడం మరీ కష్టమైంది. మొదట చెప్పాల్సింది ఒక్క అబద్ధం గురించే. తర్వాత దాక్కోవడం గురించీ చెప్పాలి. ఆ తర్వాత రాకుండా గడిపిన ఏళ్ళ గురించీ చెప్పాలి. రుస్మినా కొన్నాళ్ళు పోరి, ఊరుకుంది.

ఈలోగా సముద్రం లోపలికి రావడం మొదలైంది. పోటు నీళ్ళు వీధుల్లోకి వచ్చి నిలబడేవి. రోబ్ వచ్చిందనేవాళ్ళు, ఎవరో చుట్టం వచ్చినట్టు. కస్మురి వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ కొన్నేళ్ళకోసారి మట్టి పోసి నేల ఎత్తుకునేవాళ్ళు. నేల లేస్తుంటే కప్పు కిందికొచ్చినట్టయి, గుమ్మంలో తల వంచి నడవాల్సి వచ్చేది. అతను తన ఇంట్లో మట్టి పోస్తూ, ఇక్కడే ఇలా ఉంటే కరంగ్‌సెమి ఏమైవుంటుందో అనుకునేవాడు. ఉండమన్నది నేనే కదా అనుకునేవాడు.

రిటైరై ముసలివాడయ్యాక అతని ఇంటికి లారస్ అనే టీచరమ్మ వచ్చింది. ముప్పై దాటిన మనిషి. పాత స్టేషన్లంటే ప్రాణం పెట్టే ఒక గుంపుకి ఆమె పెద్ద. నగరం చుట్టూ ఏ స్టేషన్ ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో వాళ్ళకి నోటికొచ్చు. చూసినవాళ్ళ నోట వినాలని వాళ్ళ కోరిక.

"ఇన్ని స్టేషన్లలో పనిచేసిన మనిషి ఊళ్ళో మీరొక్కరే మిగిలారు తాతగారూ. వ్యాను మాట్లాడాం. మీరు ముందు సీట్లో కూర్చుని చూపిస్తే చాలు."

"పనిచెయ్యడమేంటమ్మా? మూసేశాను."

"అది కూడా చరిత్రేగా" అంది లారస్.

రుస్మినా లోపల్నుంచి, "తీసుకెళ్ళమ్మా. ఎప్పుడో వెళ్ళాల్సింది" అంది. ఆ మాటలోని ఈటె లారస్‌కి తెలియదు.

ఒక ఆదివారం బయల్దేరారు. జుర్నతాన్ ఉన్నచోట ఇప్పుడు దుకాణాలు. ఒక చిన్న స్టేషన్ సేమ్యా పులుసు అమ్మే హోటలైంది. ఇంకొకదానిలో కుర్రాళ్ళు బ్యాడ్మింటన్ ఆడుతున్నారు. గెనెంగన్‌లో గోడ ఒక్కటి మిగిలింది, దాని మీద మేకలు. లారస్ గుంపు ప్రతిచోటా ఫొటోలు తీసింది, అతను చెప్పింది శ్రద్ధగా విన్నది. అతనికి నీళ్ళిచ్చారు, గొడుగు పట్టారు. ఆ మర్యాదకి ఒళ్ళు ముడుచుకుపోయింది.

"ఇంక కరంగ్‌సెమి" అంది లారస్.

"అక్కడేం మిగలలేదమ్మా. నీళ్ళే. వెనక్కి పోదాం."

"ఉందండీ. పోయిన నెల మావాడొకడు దూరం నుంచి చూశాడు. లోపల ఎవరో ఉంటున్నారట కూడా."

రోడ్డు అయిపోయాక చెక్కల వంతెన మీద నడిచారు. చెరువులూ సముద్రమూ ఒకటైపోయాయి. ఇళ్ళు చాలావరకు మొండిగోడలై నీళ్ళల్లో నిలబడ్డాయి. రైలుకట్ట ముక్క ఒకటి మిగిలింది. దాని మీద స్టేషన్. టిక్కెట్టు కిటికీకి గుడ్డ తెర వేలాడుతోంది. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలావిడ చేపలు ఆరబెడుతోంది. కస్మురి మెట్టు దగ్గరే ఆగాడు.

ఆవిడ తలెత్తి చాలాసేపు చూసింది. "తాళం కస్మురివి కదూ" అంది. గొంతు మారలేదు.

"అక్కా" అన్నాడు. చేతులు జోడించి వంగబోతే ఆవిడ చేపల జల్లెడ అడ్డం పెట్టింది.

"వంగకు. నడుం పట్టేస్తే మొయ్యడానికిక్కడ ఎవరూ లేరు. ఈ పిల్లలెవరు?"

"స్టేషన్లు చూడ్డానికొచ్చారు."

"చూడమను. ఇల్లు చిమ్మలేదు, ఏమనుకోవద్దను."

లారస్‌కి ఏదో అర్థమై, తనవాళ్ళని ప్లాట్‌ఫారం రెండో చివరికి తీసుకెళ్ళింది. కస్మురి నిలబడే చెప్పాడు. ఇన్నేళ్ళుగా మనసులో పేర్చుకున్నదంతా తడబడుతూ చెప్పాడు. వంతెన కథ తనే అల్లానని, తవాంగ్ కోసమని, ఆ రోజు తలుపు వెనక ఉన్నానని. "నీ కొట్టు పోగొట్టాను అక్కా" అన్నాడు.

దర్సియెం చేపల్ని రెండోవైపు తిప్పుతూ విన్నది. "వంతెన సంగతి నాకు ఆ నెలలోనే తెలిసింది. నడిచి వెళ్ళి చూశాను. అక్కడ ఒక్క మనిషి లేడు. కొట్టు అప్పటికే పోయింది. పోతే పోయింది, చేపలమ్ముకునేదానికి కొట్టేంటి, గట్టేంటి. నేను నీకోసం వచ్చింది దానికి కాదు."

"మరి?"

"ఊళ్ళో నేను పూచీపడ్డాను, గుర్తుందా? వాళ్ళు పట్టాల మీద కూర్చుంటామంటే వద్దన్నది నేను. బండి రాకపోయేసరికి అందరూ నా వైపు చూశారు. అప్పటికీ సర్దిచెప్పుకున్నాను. తర్వాత నా ఇల్లు మునిగింది. ఎక్కడికి పోను? నీ తాళం అప్పటికే తుప్పు పట్టింది. రాయి పెట్టి కొట్టి ఇందులోకి వచ్చాను. అంతే, అందరికీ లెక్క తేలిపోయింది. స్టేషన్ నాకిస్తామంటే ఊరిని అమ్మేశానని. నువ్వూ నేనూ కలిసి చేశామని."

ఇన్నేళ్ళు కస్మురి మోసింది ఒక కొట్టు బరువే. ఇది అతని ఊహకే రాలేదు.

"నా మాట ఎవరు నమ్ముతారు? నువ్వొచ్చి ఒక్కసారి చెబితే చాలనుకున్నాను. దర్సియెంకి ఏమీ తెలియదు అని. అందుకే వచ్చాను. నువ్వు బదిలీ అయిపోయావన్నారు." ఆవిడ మొదటిసారి అతని కళ్ళల్లోకి చూసింది. "తలుపు కింద నీ చెప్పులు కనపడ్డాయి. లేచొస్తావేమో అని కూర్చున్నాను."

అతను ఏడవబోతే ఆవిడ ఒప్పుకోలేదు.

"ఏడుపు తర్వాత. సాయంత్రం నమాజుకి ఉన్నవాళ్ళు మసీదుకొస్తారు. తుమిరన్ కూడా వస్తాడు. వచ్చి చెప్తావా, మళ్ళీ పనుందంటావా?"

"చెప్తాను."

మసీదు నేల కూడా ఎత్తి ఎత్తి కప్పుకి దగ్గరైంది. నమాజయ్యాక ఓ పదిపన్నెండు మంది మిగిలారు. అందులో సగం మందికి రైలు తిరగడం తెలియదు. కస్మురి లేచి నిలబడి తన పేరు చెప్పాడు. వంతెన మాట తన కల్పననీ, దర్సియెంని కూడా మోసం చేశాననీ, ఆవిడకి రైల్వే ఏమీ ఇవ్వలేదనీ చెప్పాడు. చెబుతుంటే ఒక కుర్రాడు పక్కవాడితో, "ఏ రైలు గురించి?" అన్నాడు. కస్మురి బతుకంతా భయపడిన మాటలు ఆ కుర్రాడికి పాత కబుర్లు.

తుమిరన్‌కి జుట్టంతా నెరిసింది. అతను గోడకానుకుని కదలకుండా విన్నాడు. చివరికి, "మరి స్టేషన్ తాళంచెవి నువ్వే ఆవిడకిచ్చావన్నారే?" అని అడిగాడు.

"తాళంచెవి నేను ఆఫీసులో ఇచ్చేశాను. ఆవిడ రాయితో పగలగొట్టుకుంది."

"మా ఆవిడ పోయినప్పుడు దర్సియెం అక్క వస్తే గుమ్మంలోంచి తిప్పి పంపేశాను" అన్నాడు తుమిరన్. అది కస్మురితో అన్నట్టు లేదు. లేచి, చెప్పులేసుకుని, స్టేషన్ వైపు నడిచాడు.

కస్మురి వెనకాలే వెళ్ళి దూరంగా ఆగాడు. ప్లాట్‌ఫారం మెట్టు మీద తుమిరన్ ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. ఎలా మొదలెట్టాలో తెలియని మనిషిలా అటూ ఇటూ చూశాడు.

"అక్కా, తాగడానికి నీళ్ళున్నాయా?"

"మీ ఇంట్లో కుండ పగిలిందా?" అంది దర్సియెం. అంటూనే లోపలికి వెళ్ళి చెంబు తెచ్చింది.

లారస్ వచ్చి పొద్దుపోతోందని చెప్పింది. ఆమెకి ఎవరూ ఏమీ వివరించలేదు. ఆమె అడగనూ లేదు. కస్మురి దర్సియెం దగ్గరకి వెళ్ళి, "మళ్ళీ రావచ్చా అక్కా?" అన్నాడు.

"దారి నీకు తెలుసుగా" అంది ఆవిడ. రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ తర్వాత నెలకోసారి వెళ్ళాడు. స్టేషన్ గదుల నేల ఎత్తడానికి పడవలో మట్టిబస్తాలు తెప్పించాడు. ఆ వయసులో మొయ్యలేక తట్టలతో కొంచెం కొంచెంగా పోసేవాడు. దర్సియెం వద్దనలేదు. టీ ఇచ్చేది. భోజనానికి కూర్చోమని మాత్రం ఎప్పుడూ అనలేదు. క్షమించానన్న మాట ఆవిడ నోట రాలేదు. అడిగే ముఖం అతనికి లేదు. ఈ దారిన రైలు మళ్ళీ వేస్తారని మధ్యలో ఎవరో కొలతలు తీసుకుని వెళ్ళారు. ఎప్పుడు వేస్తారని దర్సియెం అతన్ని ఒక్కసారీ అడగలేదు.

ఇంటికొచ్చినప్పుడు రుస్మినా, "ఇప్పుడైనా తేలిగ్గా ఉందా?" అని అడిగింది. లేదన్నాడు. ఎందుకో ఆవిడకి సరిగ్గా చెప్పలేకపోయాడు.

అతను వెళ్ళినప్పుడల్లా తుమిరన్ అక్కడే ఉండేవాడు. ప్లాట్‌ఫారం అంచున అతనూ దర్సియెం ఇద్దరూ కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు. ఎవరి కోడలు ఎలా వండుతుందో, ఎవరి వల ఎవరు చింపారో, అవే మాటలు. దర్సియెం ఏదో ఎత్తిపొడుపు అనేది, తుమిరన్ బోసినోటితో నవ్వేవాడు. కస్మురి లోపల మట్టి చదును చేస్తూ ఆ నవ్వు వినేవాడు. ఇలాంటి సాయంత్రాలు వాళ్ళకి ఎన్ని పోయాయో అప్పుడు తెలిసొచ్చేది. పార ఆగిపోయేది. మళ్ళీ మట్టి తట్ట అందుకునేవాడు.